నకలు నుంచి సొంత నమూనాకు: చైనా ఆయుధ కర్మాగారాల తుపాకుల కథ

పరిచయం

చింగ్ రాజవంశ పతనం, 1911 విప్లవం, జపాన్ దురాక్రమణ, 1949 తర్వాతి ప్రజా రిపబ్లిక్ గురించి మీరు గత పాఠ్యభాగాల్లో చదివారు. ఈ పాఠంలో అదే చరిత్రను ఒక వస్తువు ద్వారా చూద్దాం. ఆ వస్తువు సైనికుడి చేతిలోని తుపాకి.

చైనా తుపాకి అనగానే చాలామందికి ఏకే-47 నకలే గుర్తుకొస్తుంది. అందులో అబద్ధం లేదు. ప్రపంచంలో అత్యధికంగా తయారైన ఏకే నకళ్ళు చైనావే. కానీ గడిచిన నూరేళ్ళకు పైగా చైనా కర్మాగారాలు సొంత నమూనాల కోసం చేసిన ప్రయత్నాలు కూడా ఉన్నాయి. వాటిలో కొన్ని కాగితం దాటలేదు. ఒకటి లక్షల్లో తయారై సైన్యం చేతికి వెళ్ళి, అవమానంతో తిరిగొచ్చింది. కొన్ని నిలిచాయి.

ఏ తుపాకిని 'సొంత నమూనా' అనవచ్చు? గీసినవాడు చైనావాడైతే చాలా? ఈ పాఠాన్ని ఆ ప్రశ్నతో చదవండి. ఒక తుపాకి దేశానికి సొంతం కావాలంటే మూడు సమకూరాలని ఇక్కడ వాదిస్తున్నాం. నమూనా ఊహించగల మనిషి కావాలి. దానికి తగిన తూటా దేశంలో దొరకాలి. మొదటి తుపాకికీ లక్షో తుపాకికీ తేడా రాకుండా చేయగల కర్మాగారం ఉండాలి. చైనా చరిత్రలో ఈ మూడూ ఒకే కాలంలో, ఒకే చోట కలవడానికి చాలాకాలం పట్టింది.

మందు పుట్టిన చోట

తుపాకిమందు చైనాలో పుట్టింది. 1044లో సోంగ్ ప్రభుత్వం సంకలనం చేయించిన 'వుజింగ్ జోంగ్యావో' అనే సైనిక గ్రంథంలో దాని పాళ్ళు రాసి ఉన్నాయి. 1132లో దెఆన్ పట్టణ ముట్టడిలో నిప్పు చిమ్మే ఈటెలు వాడారు. ఈశాన్యాన హీలాంగ్‌జియాంగ్ ప్రాంతంలో దొరికిన కంచు చేతి ఫిరంగి 13వ శతాబ్దం చివరిదని పండితుల అంచనా. ఇవన్నీ పోటీ పరీక్షల పుస్తకాల్లో మీకు పరిచయమైన విషయాలే.

అంతగా తెలియని పేరు జావో షిజెన్. ఇతను మింగ్ కొలువులో లేఖకుడు, మంచి దస్తూరికి పేరుపడ్డవాడు. 1598లో 'షెన్‌చీపు' అనే గ్రంథం రాసి చక్రవర్తికి సమర్పించాడు. అందులో ఒట్టోమన్ తుర్కుల తుపాకిని వర్ణించడమే కాక, తాను ఊహించిన ఆయుధాలనూ బొమ్మలతో సహా వివరించాడు. వాటిలో ఒకటి ఇరుసు చుట్టూ తిరిగే అయిదు గొట్టాల తుపాకి. ఒక గొట్టం పేలగానే తిప్పి రెండోది కాల్చవచ్చు. ముందు గుండ్రటి డాలు, కింద ఆనించడానికి గొడ్డలి. ఊహ అద్భుతం. కానీ అది సైన్యంలో మామూలు ఆయుధం కాలేదు. మనిషి ఉన్నాడు, వెనక కర్మాగారం లేదు. ఈ లోటు మూడు వందల ఏళ్ళ తర్వాత కూడా మనకు ఎదురవుతుంది.

హాన్యాంగ్: నకలు చేయడం ఎంత కష్టం

నల్లమందు యుద్ధాల్లో ఓటమి, తైపింగ్ తిరుగుబాటు తర్వాత చింగ్ పాలకుల్లో కొందరికి కళ్ళు తెరుచుకున్నాయి. 'స్వీయ బలోపేత ఉద్యమం' కింద 1865లో షాంఘైలో జియాంగ్‌నాన్ కర్మాగారం మొదలైంది. 1890లలో జాంగ్ జిడోంగ్ అనే ప్రాంతీయ పాలకుడు యాంగ్జీ నది ఒడ్డున హాన్యాంగ్‌లో మరో ఆయుధ కర్మాగారం కట్టించాడు. అక్కడ 1895 నుంచి తయారైన తుపాకి జర్మనీవారి 1888 నమూనాకు నకలు. చైనావారు దాన్ని 'హాన్యాంగ్ 88' అన్నారు. జర్మనీలో ఆ నమూనా పదేళ్ళకే పాతబడింది. చైనాలో మాత్రం 1940ల దాకా తయారవుతూనే ఉంది. 1911లో వూచాంగ్‌లో తిరగబడ్డ సైనికుల చేతిలోనూ ఇదే ఉంది, జపాన్‌తో పోరాడిన రైతుబిడ్డల చేతిలోనూ ఇదే ఉంది.

'నకలు' అనే మాటను మనం తేలిగ్గా వాడుతాం. నకలు చేయడం అంత తేలిక కాదు. మన పల్లెల్లో కమ్మరి చేసే నాటు తుపాకిని తీసుకోండి. ఆయన ప్రతి ముక్కనూ ఆకురాయితో రుద్ది, పక్క ముక్కకు సరిపోయేలా చేస్తాడు. తుపాకి పేలుతుంది. కానీ ఆయనే చేసిన రెండో తుపాకిలోని ముక్క దీనికి పట్టదు. యుద్ధంలో అలా కుదరదు. పది వేల తుపాకుల్లో ఏది విరిగినా ఏ పెట్టెలోంచి తీసిన ముక్కైనా సరిపోవాలి. అందుకు ఒకే రకం ఉక్కు, నమ్మకమైన యంత్రాలు, కొలతలు సరిచూసే గేజులు, 'ఇది పనికిరాదు' అని పక్కన పెట్టగల తనిఖీదారు కావాలి. హాన్యాంగ్ నేర్చుకున్నది ఈ విద్యే. సొంత నమూనాకు పునాది ఈ నకలు విద్యలోనే పడింది. నకలును సిగ్గుపడాల్సిన దశగా చూసే రచయితలు ఈ సంగతి మరచిపోతారు.

జనరల్ లియు తుపాకి

హాన్యాంగ్ కర్మాగారానికి అధిపతిగా పనిచేసిన లియు చింగ్‌ఎన్ (1869-1929) అక్కడే ఒక కొత్త తుపాకి రూపొందించాడు. ప్రతి గుండుకూ చేత్తో బోల్టు లాగే తుపాకులే అప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. లియు తుపాకి తనంతట తానే తర్వాతి తూటాను నింపుకునేది. గొట్టం చివర ఒక టోపీ ఉంటుంది. గుండు బయటికి పోయేటప్పుడు వెలువడే వాయువు ఆ టోపీని ముందుకు నెడుతుంది. ఆ కదలికే కడ్డీల ద్వారా వెనక్కి చేరి బోల్టును తెరుస్తుంది. ఈ ఏర్పాటు మొరాయిస్తే, ఒక మీట తిప్పి మామూలు తుపాకిలా చేత్తోనే నడపవచ్చు. డెన్మార్క్‌వాడు బాంగ్ చేసిన తుపాకిలోనూ ఇటువంటి టోపీ ఉంది. అయినా లియు పని ఆ కాలానికి ముందువరుసలోనిదే.

తయారీ యంత్రాల కోసం లియు 1914లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ వెళ్ళి ప్రాట్ అండ్ విట్నీ కంపెనీని సంప్రదించాడు. అక్కడే అతనికి పక్షవాతం వచ్చింది. యంత్రాలైతే చైనా చేరాయి. వాటిని బిగించి, నడిపించి, నేర్పించే మనిషి మంచాన పడ్డాడు. దేశంలో యువాన్ షికాయ్ నియంతృత్వం, ఆ వెంటనే యుద్ధ ప్రభువుల కాలం. ఆ తుపాకి భారీ తయారీ దాకా పోనేలేదు. ప్రపంచ సైన్యాలు ఇటువంటి తుపాకిని సైనికులందరికీ ఇవ్వడానికి ఇంకో ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. లియు ఊహలో లోపం ఉందని ఎవరూ అనలేరు. ఒక నమూనా ఒక్క మనిషి ఆరోగ్యం మీద ఆధారపడితే ఏమవుతుందో ఈ కథ చెబుతుంది.

షాన్షీ పిస్తోలు

యుద్ధ ప్రభువుల కాలంలో ప్రతి రాష్ట్రం తన కర్మాగారం తాను నడుపుకుంది. 1919లో పెద్ద దేశాలు చైనాకు ఆయుధాలు అమ్మకూడదని ఒప్పందం చేసుకున్నాయి. అది 1929 దాకా అమల్లో ఉంది. దొంగచాటు రవాణా ఆగలేదు గానీ సొంత తయారీకి గిరాకీ పెరిగింది.

షాన్షీ పాలకుడు యెన్ షీషాన్ తైయువాన్‌లో పెద్ద కర్మాగారం నిలబెట్టాడు. అతని రైల్వే కాపలాదళాల దగ్గర రెండు రకాల ఆయుధాలుండేవి. ఒకటి అమెరికా థాంప్సన్ సబ్‌మెషిన్ గన్ నకలు, దాని తూటా .45 అంగుళాలది. రెండోది జర్మన్ మౌజర్ పిస్తోలు, దాని తూటా 7.63 మి.మీ. ది. ఒకే దళానికి రెండు రకాల తూటాలు మోయడం తలనొప్పి. బందిపోట్లు రైలు మీద పడ్డ సమయంలో తప్పు పెట్టె తెరిస్తే ప్రాణాలే పోతాయి. తైయువాన్ ఇంజినీర్లు మౌజర్‌నే పెంచి, .45 తూటా కాల్చేలా మార్చారు. తూటాలు లావు కావడంతో మ్యాగజీన్ ట్రిగ్గర్ కంటే కిందికి వేలాడుతుంది. ఆ ఒక్క గుర్తుతోనే దీన్ని దూరం నుంచి పోల్చుకోవచ్చు. రిపబ్లిక్ 17వ సంవత్సరం (1928) పేరు మీద దీన్ని '17 రకం' అన్నారు.

ఇది సొంత నమూనాయా, నకలా? రూపం జర్మనీది, తూటా అమెరికాది. కానీ ఈ రెంటినీ కలపాలన్న అవసరం షాన్షీ రైలుమార్గానిది. జర్మనీలో ఎవరికీ ఆ అవసరం లేదు, అందుకే ఎవరూ అటువంటిది చేయలేదు. దీన్ని పూర్తి సొంత నమూనా అనలేం. వట్టి నకలు అని తోసేయడం కూడా న్యాయం కాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: జనరల్ లియు తుపాకికీ షాన్షీ 17 రకం పిస్తోలుకూ మధ్య తేడాను మనిషి, తూటా, కర్మాగారం అనే మూడు అంశాల దృష్టితో అయిదారు వాక్యాల్లో రాయండి.

రైలు పట్టాల నుంచి తుపాకి

1935లో కువోమిన్‌టాంగ్ ప్రభుత్వం జర్మన్ మౌజర్ తుపాకిని ప్రామాణికంగా తీసుకుని దానికి చాంగ్ కైషేక్ పేరు పెట్టింది. రెండేళ్ళకే జపాన్ దాడి చేసింది. కర్మాగారాలను విప్పి, పడవల మీద యాంగ్జీ నదికి ఎగువన చోంగ్‌చింగ్ వైపు తరలించారు. హాన్యాంగ్ కర్మాగారం కూడా 1938లో అలాగే వెళ్ళింది.

కమ్యూనిస్టుల ఎనిమిదో రూట్ సైన్యానికి తరలించడానికి కర్మాగారాలే లేవు. షాన్షీలోని తైహాంగ్ కొండల్లో, హువాంగ్యాదోంగ్ అనే లోయలో వాళ్ళు ఒక కర్మాగారం పెట్టుకున్నారు. అక్కడ లియు గుయ్‌ఫూ అనే కార్మికుడు 1940లో ఒక పొట్టి తుపాకి రూపొందించాడు. సైన్యం ఆవిర్భవించిన ఆగస్టు 1 గుర్తుగా దానికి 'ఎనిమిది-ఒకటి' అని పేరు పెట్టారు. (ముందు రాబోయే 1981 నాటి '81 రకం' వేరు. పేరు చూసి పొరబడకండి.)

బోల్టు మౌజర్ తరహాదే. అందులో కొత్తేమీ లేదు. కొత్తదనం మిగతా చోట్ల ఉంది. తుపాకి పొట్టిగా, తేలిగ్గా ఉంటుంది, కొండలెక్కే గెరిల్లాలకు అది ముఖ్యం. మూడు పలకల బాయినెట్ గొట్టానికే మడిచి ఉంటుంది. పోగొట్టుకునే భయం లేదు, క్షణంలో తెరుచుకుంటుంది. తూటాలు దండిగా ఉన్న సైన్యానికి బాయినెట్ అలంకారం లాంటిది. మనిషికి లెక్కపెట్టి తూటాలిచ్చే సైన్యానికి అదే అసలు ఆయుధం. ఇక ఉక్కు సంగతి. జపాన్ ఆధీనంలోని రైలుమార్గాల మీద దాడిచేసి ఊడబెరికిన పట్టాలే అక్కడి ముడిసరుకు. శత్రువు దారి తెగుతుంది, తమకు ఉక్కు దొరుకుతుంది. ఇవి వేల సంఖ్యలో తయారయ్యాయి. పెద్ద సైన్యానికి అది చాలదు. 1941 నవంబరులో జపాన్ సేనలు హువాంగ్యాదోంగ్ మీద పడ్డాయి.

సోవియట్ నీడ

1949లో ప్రజా విముక్తి సైన్యం చేతిలో జపాన్, జర్మన్, అమెరికన్, చెక్ నమూనాల తుపాకులన్నీ ఉన్నాయి. కొరియా యుద్ధంలో ఈ కలగాపులగానికి తూటాలు అందించడం నరకమైంది. సోవియట్ సహాయంతో ఈ చిక్కు తీరింది. 50 రకం, 53 రకం, 54 రకం, 56 రకం అని పేర్లు పెట్టి, ఆయా సంవత్సరాల్లో సోవియట్ ఆయుధాలను చైనాలో తయారుచేశారు. '56 రకం' పేరుతోనే రెండు వేర్వేరు తుపాకులున్నాయి. ఒకటి సిమొనొవ్ సెమీ ఆటోమేటిక్. రెండోది కలాష్నికోవ్, అంటే ఏకే. చైనా సైన్యం ఏకేని రైఫిల్ అనలేదు, సబ్‌మెషిన్ గన్ అంది. వారి లెక్కలో రైఫిల్ అంటే దూరంగా గురిచూసి కొట్టేది, బాయినెట్‌తో పొడిచేది. ఏకే అంటే దగ్గర్లో గుళ్ళవాన కురిపించేది. దళంలో రెండూ ఉండాలి. ఈ ఆలోచనను గుర్తుపెట్టుకోండి.

1962లో లద్దాఖ్, నేఫా సరిహద్దుల్లో భారత సైనికులకు ఎదురైనవి ఈ సోవియట్ నమూనాలే. మనవారి చేతిలో బోల్టు లాగే .303 రైఫిల్, మన పోలీసు స్టేషన్లలో ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్ళు కనిపించిన 'త్రీ నాట్ త్రీ'. ఆ యుద్ధం తర్వాతే మన సైన్యానికి 7.62 మి.మీ. సెల్ఫ్ లోడింగ్ రైఫిల్ వేగంగా అందింది.

అయితే 1960 వేసవిలోనే సోవియట్ నిపుణులు చైనా విడిచి వెళ్ళారు. ఇకముందు కొత్త నమూనా కావాలంటే చైనా తానే చేసుకోవాలి.

63 రకం: బాగా గీసి, చెడగొట్టిన తుపాకి

ఈ పాఠంలో అతి ముఖ్యమైన భాగం ఇది. నిదానంగా చదవండి.

దళంలో రెండు రకాల తుపాకులు ఎందుకు, రెంటి గుణాలూ ఒకదానిలోనే ఉంటే పోలా అన్న ఆలోచన 1959లో మొదలైంది. సిమొనొవ్ తుపాకిలోని పొడవాటి గొట్టం, మడత బాయినెట్, గురి. ఏకేలోని తిరిగే బోల్టు, ఆటోమేటిక్ కాల్పు, ఊడదీయగల మ్యాగజీన్. చైనా ఇంజినీర్లు ఈ రెంటినీ అతికించి వదిలేయలేదు, కొత్త తుపాకినే నిర్మించారు. 1963లో సైన్యం నమూనాను ఆమోదించింది. పరీక్షల్లో ఆటోమేటిక్ కాల్పులో ఇది ఏకే కంటే నిలకడగా గురి పట్టింది. ప్రజా రిపబ్లిక్‌లో రూపొందిన తొలి సొంత సైనిక రైఫిల్ ఇదే.

భారీ తయారీ 1969లో మొదలైంది. ఆ ఆరేళ్ళ మధ్య దేశంలో ఏం జరిగిందో మీకు తెలుసు. 1966లో సాంస్కృతిక విప్లవం వచ్చింది. కర్మాగారాల్లో నియమనిబంధనలు, తనిఖీలు కార్మికులను అణచే పనిముట్లన్న ప్రచారం సాగింది. ఇంజినీర్లను మేధావులనే నెపంతో పక్కకు నెట్టారు, కొందరిని పల్లెలకు పంపారు. మరోవైపు, సోవియట్‌తో యుద్ధం వస్తుందన్న భయంతో 'మూడో శ్రేణి' కార్యక్రమం కింద పరిశ్రమలను తీరానికి, సరిహద్దుకు దూరంగా నైరుతి, వాయవ్య కొండప్రాంతాలకు తరలిస్తున్నారు. 1969లోనే ఉస్సూరి నది దగ్గర సోవియట్ సేనలతో కాల్పులు జరిగాయి. తుపాకులు వెంటనే కావాలి, లక్షల్లో కావాలి. 'ఇది పనికిరాదు' అనే తనిఖీదారు ఉంటే ఉత్పత్తి తగ్గుతుంది. అలా అన్నవాడు రాజకీయంగా అనుమానితుడవుతాడు కూడా.

ఫలితం ఊహించగలిగిందే. తయారీ సులువు కోసం మార్పులు చేశారు. కొలతలు సడలించారు. ఉక్కు మీద, వేడిచేసి గట్టిపరిచే పని మీద అదుపు పోయింది. నమూనా తుపాకిలో కనిపించిన గురి సైనికుడి చేతికొచ్చిన తుపాకిలో లేదు. మొరాయింపులు, విరిగే ముక్కలు. దళాల నుంచి ఫిర్యాదులు గుట్టలుగా వచ్చాయి. 1970ల చివరికి సైన్యం 63 రకాన్ని వెనక్కి తీసుకుని, మళ్ళీ పాత 56 రకాలనే పంచింది. 1979 ఫిబ్రవరిలో వియత్నాం సరిహద్దు దాటిన చైనా సైనికులు పట్టుకెళ్ళింది ఇరవయ్యేళ్ళ నాటి సోవియట్ నమూనాలనే. అవతల ఎదురుపడ్డ వియత్నాం సైనికుల చేతిలోని ఏకేల్లో చైనాలోనే తయారై, అమెరికాతో యుద్ధం రోజుల్లో సహాయంగా వెళ్ళినవి కూడా ఉన్నాయి.

63 రకం వైఫల్యాన్ని 'చైనాకు తుపాకి గీయడం రాలేదు' అని కొందరు రాస్తారు. ఈ తీర్పు తప్పు. గీత బాగుంది, తూటా ఉంది. చెడింది కర్మాగారం, దాన్ని చెడగొట్టింది రాజకీయం. ఇంకో సంగతి ఆలోచించండి. ఆ తుపాకి మొరాయించింది అన్న మాట మనకు సాంకేతిక నివేదికలా వినిపిస్తుంది. చలిలో కందకంలో కూర్చున్న పందొమ్మిదేళ్ళ కుర్రవాడికి దాని అర్థం వేరు.

అదే దశకంలో వచ్చిన చిన్న ఆయుధాలకు ఇంత దుర్గతి పట్టలేదు. 64 రకం పిస్తోలు జర్మన్ వాల్తర్ పోకడలున్నా సొంత తూటాతో వచ్చింది. అధికారులకు, పోలీసులకు ఇచ్చారు. అదే సంవత్సరం పేరుతో శబ్దం రాకుండా కాల్చే సబ్‌మెషిన్ గన్ కూడా రూపొందింది. దాని గొట్టం చుట్టూ సైలెన్సర్ శాశ్వతంగా బిగించి ఉంటుంది. ఇవి తక్కువ సంఖ్యలో తయారయ్యేవి, నిదానంగా చేసేవి. బతికిపోవడానికి అదే కారణం కావచ్చు.

81 రకం

63 రకం అనుభవం నుంచి 81 రకం పుట్టింది. దాని ప్రధాన రూపకర్త వాంగ్ జిజున్. ఈసారి లక్ష్యాలు నిరాడంబరంగా ఉన్నాయి. పాత 7.62×39 తూటానే ఉంచుకున్నారు. కొత్త తూటా మీద పరిశోధన సాగుతోంది, అది వచ్చేదాకా సైన్యాన్ని నడిపించడానికి నమ్మకమైన తుపాకి కావాలి. అంతే.

చూడటానికి ఏకేలా ఉన్నా లోపల తేడా ఉంది. ఏకేలో వాయువు నెట్టే పిస్టన్ బోల్టు చట్రానికే బిగించి ఉంటుంది. ఆ బరువంతా ప్రతి గుండుకూ వెనక్కి వెళ్ళి ముందుకొస్తుంది, తుపాకి ఊగుతుంది. 81 రకంలో పిస్టన్ విడి ముక్క. కొద్ది దూరం కదిలి, చట్రాన్ని ఒక తోపు తోసి ఆగిపోతుంది. ఊపు తగ్గుతుంది, గురి నిలుస్తుంది. రెండో విశేషం కుటుంబ రూపకల్పన. స్థిరమైన మడమ ఉన్నది, మడతపెట్టే మడమ ఉన్నది, 75 గుళ్ళ డ్రమ్ముతో తేలికపాటి మెషిన్ గన్ అనే మూడింటికీ చాలా ముక్కలు ఉమ్మడి. మెషిన్ గన్ డ్రమ్మును రైఫిల్‌కూ తగిలించవచ్చు. సైన్యంలో సామాన్లు సరఫరా చేసేవాడికి ఇంతకంటే ఇష్టమైన విషయం ఉండదు.

1980ల మధ్యలో వియత్నాం సరిహద్దులోని లావోషాన్ కొండల్లో ఇది తొలిసారి యుద్ధంలోకి వెళ్ళింది. తేమ, బురద, నెలల తరబడి సొరంగాల్లో కాపురం. అక్కడ దీనికి మంచిపేరు వచ్చింది. సైన్యంలో చాలామంది పాతకాపులు ఇప్పటికీ దీన్నే మెచ్చుకుంటారు. బంగ్లాదేశ్ తన గాజీపూర్ ఆయుధ కర్మాగారంలో 'బీడీ-08' పేరుతో తయారుచేసుకుంటున్న రైఫిల్ ఈ 81 రకానికి రూపాంతరమే. హాన్యాంగ్‌లో జర్మన్ తుపాకి నకలు మొదలైన శతాబ్దం తర్వాత, చైనా నమూనాను మరో దేశం తీసుకుని చేసుకోవడం చరిత్ర విద్యార్థిగా మీరు గమనించదగ్గది.

తూటాతో మొదలుపెట్టడం

సాధారణ పాఠకుడు తుపాకినే చూస్తాడు, తూటాను చూడడు. తూటా మారితే గొట్టం, మ్యాగజీన్, సైనికుడు మోసే బరువు, కర్మాగారంలోని యంత్రాలు అన్నీ మారాలి. కాబట్టి సొంత తూటా నిర్ణయించుకోవడం దేశానికి పెద్ద సాహసం.

వియత్నాంలో అమెరికన్లు 5.56 మి.మీ. చిన్న తూటా వాడారు. చిన్న తూటా తేలిక, ఒకే బరువులో ఎక్కువ మోయవచ్చు, వేగం ఎక్కువ, భుజానికి తగిలే దెబ్బ తక్కువ. చైనా 1971లో తన చిన్న తూటా కోసం పరిశోధన మొదలుపెట్టింది. అమెరికన్ కొలతను తీసుకోవచ్చు. 1974లో సోవియట్‌వారు తెచ్చిన 5.45ను తీసుకోవచ్చు. చైనా రెండూ తీసుకోలేదు. పలు కొలతలు పరీక్షించి 5.8 మి.మీ. దగ్గర ఆగింది. గుండు బరువు 4.15 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 930 మీటర్లు. ఇత్తడి బదులు ఉక్కు తొడుగు వాడారు, రాగి తక్కువున్న దేశానికి అది తెలివైన పొదుపు. తూటా ఖరారైంది 1987లో. పదహారేళ్ళు!

ఈ ఎంపిక మీద విమర్శ కూడా ఉంది. ప్రపంచంలో మరెవరూ వాడని తూటా ఎంచుకుంటే ఎగుమతికి కష్టం. నిజంగానే విదేశాలకు అమ్మడానికి అదే తుపాకిని 5.56లో '97 రకం'గా మళ్ళీ చేయాల్సి వచ్చింది. ఇంకో చిక్కు ఇంట్లోనే వచ్చింది. రైఫిల్‌కు తేలిక గుండు, మెషిన్ గన్‌కూ దూరపు గురి తుపాకికీ బరువైన గుండు అని రెండు రకాల 5.8 తూటాలు తయారయ్యాయి. అంటే షాన్షీ రైల్వే కాపలాదారుల సమస్యే అరవై ఏళ్ళ తర్వాత కొత్త వేషంలో తిరిగొచ్చింది. అన్నింటికీ పనికొచ్చే ఒకే తూటా 2010లో గానీ రాలేదు.

95 రకం, ఆ తర్వాత

1997 జూలై 1న హాంకాంగ్ చైనా చేతికి వచ్చింది. ఆ రోజు నగరంలోకి ప్రవేశించిన సైనికుల భుజాన ప్రపంచం చూడని తుపాకి ఉంది. మ్యాగజీన్ ట్రిగ్గర్‌కు వెనక, మడమలోనే ఉంటుంది. ఈ అమరికను బుల్‌పప్ అంటారు. గొట్టం పొడవు తగ్గకుండానే తుపాకి పొట్టిదవుతుంది, వాహనాల్లో ఎక్కి దిగడం సులువు. 95 రకం మొత్తం పొడవు ముప్పావు మీటరు లోపే, బరువు మూడుంపావు కిలోలు. ప్రధాన రూపకర్త డువో యింగ్‌షియన్. కొత్త తూటాకు కొత్త తుపాకి, దాంతోపాటే పొట్టి కార్బైన్, తేలిక మెషిన్ గన్. మనం మొదట చెప్పుకున్న మూడూ ఇక్కడ కలిశాయి. ఆవిష్కరణకు ఆ రోజునూ ఆ నగరాన్నీ ఎంచుకోవడంలో రాజకీయం లేదనుకోవడం అమాయకత్వం.

సైనికుల మాట వేరుగా ఉంది. కాల్పు రకం మార్చే మీట మరీ వెనక ఉండి చేతికి అందదు. చూపు గీత ఎత్తుగా ఉండటంతో నేలకు కరుచుకున్నవాడు తల పైకెత్తాలి. ఖాళీ తొడుగులు కుడివైపుకే పోతాయి, ఎడమచేతివాటం వారికి ముఖానికి అడ్డం. పేలుడు చప్పుడు చెవి పక్కనే. 2010 ప్రాంతంలో వచ్చిన 95-1లో మీటను ముందుకు తెచ్చారు, మరికొన్ని సరిదిద్దారు. కానీ బుల్‌పప్ అమరికతోనే పుట్టిన లోపాలను సరిదిద్దలేరు. మామూలు అమరికతో 03 రకాన్ని ఈలోగానే తయారుచేసి కొన్ని దళాలకు ఇవ్వడం గమనిస్తే, సైన్యంలో ఈ అనుమానం ముందునుంచే ఉందనిపిస్తుంది.

2019 అక్టోబరు 1న, ప్రజా రిపబ్లిక్ డెబ్బయ్యో వార్షికోత్సవ కవాతులో 191 రకం కనిపించింది. మ్యాగజీన్ మళ్ళీ ట్రిగ్గర్‌కు ముందుకొచ్చింది. మడమను సైనికుడి చేతి పొడవును బట్టి జరుపుకోవచ్చు. పైన దుర్భిణి అమర్చే పట్టీ ఉంది. ఇరవై రెండేళ్ళ కింద హాంకాంగ్‌లో గర్వంగా చూపిన అమరికను రూపకర్తలు వదిలేశారు. గొట్టంలోంచి వెళ్ళే గుండును కొత్తగా మెరుగుపరిచారు, దాని కొలత మాత్రం మారలేదు, 1987లో ఖరారైన 5.8 మిల్లీమీటర్లే.